తౌసి పొదిగిన మాట

సముద్రం నడుమ దీవి మీది వైతోగా ఊరికి తెల్లవారిందనడానికి రెండు చప్పుళ్లు గుర్తు. ఒకటి, ఐలినీ తన రొట్టెల పొయ్యి మీది రేకు మూత లాగే చప్పుడు. రెండోది, బస్సు ఆగే చోట ఉన్న చెక్క కొట్టు తలుపును ఫేతూ భుజంతో తోసే చప్పుడు. ఆ తలుపు ఉప్పుగాలికి ఉబ్బిపోయి, చేత్తో తీస్తే తెరుచుకున్న రోజు లేదు.

తలుపు తీశాక ఫేతూ పనులకి ఒక వరస ఉంది. ముందు బల్ల తుడుస్తుంది. కప్పు మీది సోలార్ పలక మీద రాలిన ఆకుల్ని పొడుగు కర్రతో దులుపుతుంది. చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, పళ్లు తోముకునే పాత బ్రష్షు, టంకం పెట్టే కడ్డీ వరసగా పేరుస్తుంది. ఆ తరవాత బల్ల కిందికి వంగి, కొబ్బరాకుల బుట్టలో తౌసి రెక్క కిందికి చెయ్యి పోనిచ్చి వెచ్చదనం చూస్తుంది.

తౌసి కోడి. ఒళ్లంతా ఎరుపు, మెడ దగ్గర మాత్రం పసుపు. దాని రెక్కల కింద గుడ్లుండవు. ఆ వారం రెండు ఫోన్లు, ఒక టాబ్లెట్టు ఉన్నాయి.

మూడేళ్ల కిందట ఎవరిదో పంది కంచె దాటి వచ్చి దాని గుడ్లన్నీ తినేసింది. తౌసి రెండు రోజులు ఊరంతా అరుచుకుంటూ తిరిగి, చివరికి ఈ కొట్టులో దూరి, ఇక తనవల్ల కాదని ఫేతూ పక్కన పడేసిన ఫోన్ల బుట్టలో కూర్చుంది. లేపితే పొడిచింది. సరే కానిమ్మని వదిలేస్తే, మూడో నాటి పొద్దున బుట్టలోంచి కిచకిచమని వినబడింది. చూస్తే ఏడు ఫోన్లూ వెలుగుతున్నాయి. ఊరు ఆ సంగతి విని, పోనీలే, దాని కడుపుకోతా తీరింది, మన ఫోన్లూ బాగయ్యాయి అనుకుంది. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎవరైనా వచ్చి తన ఫోను సంగతి అడిగితే, కోడి కింద ఉంది, శుక్రవారం రండి అని ఫేతూ ఒక చీటీ మీద రాసి చూపించేది. వాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు. ఫోనుకి మూడు రోజులు, టాబ్లెట్టుకి అయిదు, కంప్యూటరుకి తొమ్మిది. ఒకసారి బడి వాళ్ల ప్రింటరు మీద పన్నెండు రోజులు కూర్చుంది పాపం, కాళ్లు నేలకి అందక.

అలాగని పనంతా కోడిదే అనుకుంటే పొరపాటు. సముద్రపు నీళ్లు కడగడం, తుప్పు గీకడం, తెగిన తీగ అతకడం, ఆరబెట్టడం, తన చేతిలో ఉన్నదంతా ముందు ఫేతూ చెయ్యాల్సిందే. ఆమె చెయ్యి ఆగిపోయిన చోట తౌసి మొదలయ్యేది. ఏమీ చెయ్యకుండా ఊరికే పడేస్తే ముక్కుతో పక్కకి నెట్టేసేది. సోమరితనాన్ని అది పొదగదు.

ఆక్లండులో ఉన్న ఫేతూ పిన్ని కూతురు ఏడాదికి రెండు పీపాల నిండా పాత టాబ్లెట్లు, ఫోన్లు సర్ది ఓడ మీద పంపేది. అవి బాగుచేసి, కొత్తవాటి ధరలో అయిదో వంతుకి ఇచ్చేది ఫేతూ. ఇచ్చి ఊరుకునేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల వేలు పట్టుకుని నేర్పేది. ఐలినీ తన కొబ్బరిపాల బన్నులకి ఓడరేవు కొట్ల నుంచి ఆర్డర్లు ఫోనులో తీసుకోవడం ఈ బల్ల దగ్గరే నేర్చింది. చేపల వాళ్లు గాలి ఎటు తిరుగుతుందో చూసుకుని పడవ దించడం ఇక్కడే నేర్చారు. చాపలల్లే ముసలమ్మలు తాము అల్లిన సన్నని చాపల్ని ఫోటో తీసి సిడ్నీలో కోడళ్లకి పంపి, "ఇది చూసి ఏడవండి" అని మాట జోడించడం కూడా ఇక్కడే నేర్చారు.

తౌసి పొదిగిన ఫోన్లకి ఇంకో గుణం ఉంది. ఆ ఊళ్లో రోజూ సాయంత్రం శంఖం ఊదగానే అందరూ ఇళ్లలో చేరి ప్రార్థన చెయ్యాలి. దాన్ని సా అంటారు. ఆ కాస్సేపు రోడ్డు మీద మనిషి కనబడకూడదు, చప్పుడు వినబడకూడదు. కనబడ్డా, వినబడ్డా ఆ ఇంటికి జరిమానా, ఒక పెట్టెడు చేపల డబ్బాలు. తల్లి రెక్క కింద పిల్లలు చప్పుడు చెయ్యకుండా ఒదిగినట్టు, తౌసి కింద లేచిన ఫోన్లు శంఖం వినగానే వాటంతట అవే నోరు మూసుకునేవి. మళ్లీ శంఖం ఊదాకే తెరిచేవి. అందుకని కొత్త ఫోను కొనే స్తోమతు ఉన్నవాళ్లు కూడా ఫేతూ దగ్గరే కొనేవాళ్లు.

ఫేతూకి యంత్రాలతో వచ్చినన్ని మాటలు మనుషులతో రావు. కోడితో మాట్లాడుతుంది, టంకం కడ్డీని తిడుతుంది. ఎదురుగా మనిషి నిలబడ్డాడా, ఆ మాట గొంతులోనే నానిపోయేది. ఆరో తరగతి దాటి చదవలేదు. తమ్ముడు సానెలె పట్నంలో చదువుకోవాలని తను ఆగిపోయింది. నలభై ఏడేళ్లు వచ్చినా పదిమందిలో నోరు తెరిచి ఒక్క ముక్క అన్న గుర్తు ఎవరికీ లేదు. చర్చిలో పాట కూడా పెదవులతోనే పాడేది.

ఆ బుధవారం పొద్దున సానెలె కొట్టుకి వచ్చాడు. కూడా పట్నం కంపెనీ మనిషి రోపాటి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే చెప్పులు, చేతిలో పెట్టె. రోపాటి కొట్టునంతా పైనించి కిందికి చూసి, తౌసిని చూసి మర్యాదగా తల వంచి, బయట నిలబడ్డాడు. సానెలె ఒక్కడే లోపలికొచ్చి మోడా లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, నీతో ఒక మాట."

ఫేతూ తలెత్తకుండా చేస్తున్న పని ఆపింది.

"కంపెనీ వాళ్లు మన దీవిలో ఈ పక్కన ఒక దుకాణం పెడతారట. అన్నీ కొత్తవే. ఏజెంటుగా నన్ను పెట్టుకుంటారు. నెలనెలా జీతం అక్కా. పిల్లలు ముగ్గురూ ఎదుగుతున్నారు, నీకు తెలీనిది కాదు. వాళ్లకి బస్సు ఆగే చోటే కావాలి. ఇదే కావాలి."

ఫేతూ చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది.

"నిన్ను పొమ్మనడం లేదుగా. పైన ఇంట్లో వంటపాక పక్కన నీకు బల్ల వేయిస్తాను. కోడికి కూడా చోటుంటుంది."

పైన ఇల్లంటే రోడ్డుకి మైలు దూరం, కొండవాలు, చెట్ల నీడ. అక్కడ సోలార్ పలకకి ఎండ తగలదు. బస్సు దిగిన ముసలమ్మ ఒక ఫోను కోసం మైలు ఎక్కి రాదు. ఇదంతా ఫేతూ గొంతు దాకా వచ్చింది. పైకి రాలేదు. సానెలె లేచాడు.

"సోమవారం పెద్దల సభలో చెప్పేస్తాను. మన కుటుంబం స్థలమే గనక పెద్దలు కాదనరు. నువ్వు బాధపడకు అక్కా," అని ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు. తండ్రి పోయాక కుటుంబ పెద్ద పేరు అతనికే వచ్చింది. కొట్టు ఎవరికివ్వాలో చెప్పే హక్కు కూడా అతనిదే.

అతను అంత నిబ్బరంగా ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ నేల మీద అక్కచెల్లెళ్ల మాటకి ఒక కట్టు ఉంది. తోడబుట్టినది పదిమంది ముందు నోరు తెరిచి ఏదైనా అడిగితే, తోడబుట్టినవాడు ఎంత పెద్దవాడైనా కాదనకూడదు. కాదన్నవాడి ఇంటి గడప ఊళ్లో ఎవరూ తొక్కరు. కానీ అడగాలి. నలుగురి ముందు, గొంతు విప్పి, తన నోటితో అడగాలి. చీటీ మీద రాసిస్తే చెల్లదు, ఇంకొకరి చేత చెప్పిస్తే చెల్లదు. ఫేతూ అడగదని సానెలెకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఐలినీకి విషయం తెలిసేసరికి బన్నులు ఇంకా పొయ్యిలోనే ఉన్నాయి. వాటిని వదిలేసి పిండి చేతులతోనే వచ్చింది.

"అడుగు," అంది.

ఫేతూ తల అడ్డంగా ఊపింది.

"ఒక్క మాటేగా ఫేతూ. కొట్టు నాది, నాకు వదిలెయ్యి అంటే చాలు. సానెలె నోరు మూతపడుతుంది."

"ఆ ఒక్కటే రాదు," అంది ఫేతూ నెమ్మదిగా.

"నాతో వస్తోందిగా."

"నువ్వు ఒక్కదానివే కదా."

బన్నులు మాడుతున్న వాసన రావడంతో ఐలినీ పరిగెత్తింది. ఆ రోజు ఊరంతా మాడిన బన్నులే తిన్నది. ఎందుకు మాడాయో అందరికీ తెలిసింది.

అంతకుముందు రోజు, మంగళవారం నాడే, సభకి పెద్దయిన లెఫావా కొట్టుకి వచ్చి వెళ్లాడు. డెబ్బై దాటిన మనిషి, సభలో మాటకి ఆయన తరవాతే ఎవరైనా. ఆదివారం పొద్దున కొడుకులు రాళ్ల పొయ్యి వేస్తుంటే, ఆకులు సరిగ్గా కప్పడం లేదని కేకలేసి, తనే వంగి కప్పాడట. అప్పుడు నడుముకి చుట్టుకున్న లావాలావా గుడ్డలో దోపుకున్న ఫోను జారి పొయ్యిలో పడింది. సీమపనస కాయలతో, చేమాకుల పొట్లాలతో పాటు గంటన్నర కాలింది. మధ్యలో ఒకసారి రాళ్ల కింద నుంచి మోగిందట. అందరూ చర్చి గంట అనుకున్నారట. ఆకులు తీశాక చూస్తే, పంది కంటే అదే బాగా కాలింది అని ఆయన మనవరాళ్లు ఇంకా నవ్వుతున్నారు.

ఆయన నవ్వలేదు. ఆ ఫోనులో ఆయన తండ్రి గొంతు ఉంది. పన్నెండు తరాల పేర్లు, ఎవరికి ఎవరు పుట్టారు, ఏ పడవ మీద ఏ తీరానికొచ్చారు అన్నది ముసలాయన చివరి రోజుల్లో ఊపిరి తీసుకుంటూ చెప్పినదంతా అందులోనే ఉంది. ఆ సోమవారమే ఊళ్లో దిగిన రోపాటి సభలోని పెద్దలందరికీ తలా ఒక కొత్త ఫోను కానుకగా పంచాడు. కాలినదాన్ని చూసి, ఇది పారెయ్యండి పెద్దాయనా, ఇలాంటిది ఎక్కడా బాగుకాదు అన్నాడట. లెఫావా కొత్తది మర్యాదగా పుచ్చుకుని, కాలినదాన్ని అరిటాకులో చుట్టుకుని ఫేతూ దగ్గరికొచ్చాడు. బల్ల మీద పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లాడు.

ఫేతూ దాని మీద రెండు రోజులు కూర్చుంది. కరిగిన పెంకు ఊడదీసింది, పీపాలో వచ్చిన ఇంకో ఫోను పెంకు తొడిగింది, లోపలి మసిని వెంట్రుకవాసి చొప్పున గీకింది. గురువారం సాయంత్రం తన చెయ్యి ఆగిపోయింది. తీసుకెళ్లి తౌసి కింద పెట్టింది. తౌసి ఒకసారి ముక్కుతో తట్టి చూసి, కడుపు కిందికి లాక్కుంది.

శుక్రవారం మధ్యాహ్నం తౌసి లేచింది. లేచి, బుట్ట వదిలి, బల్ల కింద నుంచి నడిచి వచ్చి, ఫేతూ పాదాల మీద ఎక్కి కూర్చుంది. ఈకలు విప్పి, రెండు పాదాలనీ పూర్తిగా కప్పేసి, కళ్లు మూసుకుంది.

ఫేతూ కదపబోతే పొడిచింది.

ఐలినీ రావడం చూసి ఫేతూ చేత్తో కిందికి చూపించింది. ఐలినీ వంగి చూసింది. లేచి, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని రెండో చేతి వేళ్లు లెక్కపెట్టింది.

"శుక్ర, శని, ఆది. సోమవారం పొద్దుటికి అయిపోతుంది. అంతదాకా కదలకు," అంది. రొట్టె ఎప్పుడు పొంగుతుందో చెప్పినట్టే చెప్పింది. అరగంటలో చాప, దిండు, దోమతెర తెచ్చింది.

సాయంత్రానికి లెఫావా వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, కోడి లేని బుట్టని, ఫేతూ పాదాల మీది కోడిని మార్చి మార్చి చూశాడు. ఫేతూ సిగ్గుతో ముఖం తిప్పుకుని, బుట్టలో ఒంటరిగా పడున్న ఆయన ఫోను చూపించింది. ఆయన వెళ్లి దాన్ని తాకి చూశాడు.

"ఇంకా వెచ్చగానే ఉంది," అన్నాడు.

ఫేతూ ఏదో అనబోయింది. రాలేదు.

"ఫోను ఆగుతుందమ్మాయీ. మాట ఆగకూడదు. అది ఫోను కంటే మొండిది, పొదగడం కష్టం." ఆయన చొక్కా గుండీ విప్పి, ఫోనుని లోపల చంక కింద పెట్టుకుని మళ్లీ గుండీ పెట్టుకున్నాడు. "ఈలోగా ఇది చల్లారకుండా నేను చూసుకుంటాను. తొమ్మిదిమంది పిల్లల్ని పెంచాను, ఇదొక లెక్కా."

అలా చెయ్యి ఒంటికి ఆనించుకునే వెళ్లాడు. మూడు రోజులూ తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు, ఆదివారం చర్చిలో నిలబడి పాడేటప్పుడు కూడా ఆయన ఎడం చెయ్యి ఒంటికి అంటుకునే ఉంది.

శనివారం సాయంత్రం శంఖం ఊదారు. రోడ్డు ఖాళీ అయింది. కుక్కలు కూడా పడుకున్నాయి. ఫేతూ కొట్టులోనే కళ్లు మూసుకుంది. ఊరంతా ఒక్కసారి ఊపిరి బిగపట్టినట్టయింది. అప్పుడు లెఫావా ఇంట్లో ఒక ఫోను మోగింది. దాని వెనకే పక్కింట్లో ఇంకోటి. ఆ వెనక పాస్టరుగారింటి ఎదుట, బావి పక్కన, చివరికి కొండవాలు మీద సానెలె ఇంట్లో. పన్నెండు కొత్త ఫోన్లూ ఒకదాని వెనక ఒకటి ఒకటే పాట పాడాయి. తమ కొత్త ఖాతాదార్లకి కంపెనీ పంపిన శుభసాయంత్రం అది. తౌసి ఒక కన్ను తెరిచి, విసుగ్గా మళ్లీ మూసుకుంది.

మర్నాడు చర్చి ముందు పన్నెండు పెట్టెల చేపల డబ్బాలు పేర్చారు. జరిమానా వేసేవాళ్లూ వాళ్లే, కట్టేవాళ్లూ వాళ్లే కావడంతో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఆదివారం ఫేతూకి చర్చి పాట గాలి మీద వినబడింది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు చేమాకు పొట్లాలు, కాల్చిన చేప తెచ్చారు. చర్చికి ఎందుకు రాలేదని అడగలేదు. తాటాకు విసనకర్ర ఒకటి ఫేతూ చేతిలో పెట్టి, "కోడికి ఉక్కగా ఉంటుంది, కాస్త విసురు," అని వెళ్లారు. కాపలాకన్నట్టు ఆ రోజంతా ఎవరో ఒకరు వచ్చి కొట్టు గుమ్మంలో కూర్చున్నారు. ఎవరూ ధైర్యం చెప్పలేదు. చాపలల్లుకున్నారు, కోకో తాగారు, మొగుళ్లని ఆడిపోసుకున్నారు.

సోమవారం పొద్దున బన్నుల వాసన వచ్చే వేళకి తౌసి లేచింది. రెక్కలు దులుపుకుని, బయటికెళ్లి మట్టి గీరుకుంటూ తిండి వెతుక్కుంది. ఫేతూ పాదాలు రెండూ ఎండలో పెట్టిన రాళ్లలా వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం మోకాళ్ల మీదుగా పైకెక్కి, కడుపు దాటి, గొంతులో వచ్చి ఆగింది. లోపల ఏదో ముక్కుతో పెంకుని పొడుస్తున్నట్టు కిచకిచలాడింది. ఆమె లేచి, ముఖం కడుక్కుని, ఆదివారం నాడు కట్టుకోవాల్సిన తెల్లబట్టలు కట్టుకుని సభ జరిగే ఇంటికి నడిచింది.

గోడల్లేని ఆ ఇంట్లో పెద్దలు తలా ఒక స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నారు. సభకి ముందు తాగే ఆవా అనే వేరు పానీయం పంచడం అయిపోయింది. ఫేతూ వెలుపల మెట్ల పక్కన, ఆడవాళ్ల సంఘం చాప మీద ఐలినీ పక్కన కూర్చుంది. సానెలె ఆమెని చూసి ప్రేమగానే నవ్వాడు. అక్క ఊరికే వచ్చిందనుకున్నాడు.

సానెలె బాగా మాట్లాడాడు. ఊరికి కొత్త రోజులొస్తాయన్నాడు. రోపాటి మెరిసే బొమ్మలున్న కాగితాలు పంచాడు. సా వేళ మోగిన సంగతి ఒక పెద్దాయన ఎత్తాడు. రోపాటి చెమట తుడుచుకుని, అది యంత్రం తనంతట తను పంపేదని, కావాలంటే ఆపుకోవచ్చని, దానికి ఓడెక్కి పట్నం ఆఫీసుకొచ్చి చీటీ తీసుకుని వరసలో కూర్చుంటే చాలని చెప్పాడు.

"ఒక్క బొత్తాం నొక్కడానికి ఓడెక్కాలా," అన్నాడు ఆ పెద్దాయన. ఎవరో దగ్గారు. కానీ స్థలం సానెలె కుటుంబానిది, మాట కుటుంబ పెద్దది. మధ్యలో దూరడం మర్యాద కాదు. కొందరు తలూపడం మొదలుపెట్టారు.

లెఫావా ఎడం చెయ్యి ఒంటికి ఆనించుకునే, కుడిచేతిలో ఈగలు తోలే కుంచె భుజం మీదికి వేసుకుని, నెమ్మదిగా అడిగాడు. "కుటుంబ పెద్ద మాట విన్నాం. ఆ కుటుంబంలో ఇంకెవరికైనా మాట ఉందా?"

ఫేతూ గొంతులో ఆ పెంకు చిట్లింది.

"సానెలె," అంది ఫేతూ.

ఆ గొంతు ఎవరిదో చాలామందికి వెంటనే తెలియలేదు. చుట్టూ చూశారు. పెద్ద గొంతు కాదు, కానీ వెనక కూర్చున్నవాళ్లకి కూడా అందింది.

"ఆ కొట్టు నాకు వదిలెయ్యి తమ్ముడూ. నలుగురి ముందు అడుగుతున్నాను."

సానెలె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"ఫోను అమ్మడం ఒక్క రోజు పని," అంది ఫేతూ. "అది చేతిలో ఉన్నన్నాళ్లూ పక్కన ఒక మనిషి ఉండాలి. పొయ్యిలో పడితే తీసేవాళ్లు, నీళ్లలో పడితే ఆరబెట్టేవాళ్లు, మర్చిపోతే మళ్లీ చెప్పేవాళ్లు. ఇరవై సార్లు అడిగినా విసుక్కోనివాళ్లు. ఈ ఊరికి ఆ మనిషిని నేనే. నీ దుకాణం రావద్దనను. నీ బల్ల ఈ పక్కన వేసుకో, నా బల్ల ఆ పక్కనే ఉంటుంది. నన్ను మాత్రం అక్కడి నుంచి లేపకు."

అంత మాట ఆమె ఒక ఏడాదిలో కూడా అని ఉండదు. చెప్పడం అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని, తలెత్తి తమ్ముడి వంకే చూస్తూ కూర్చుంది.

సానెలె తల వంగింది.

"అక్క అడిగింది," అన్నాడు. "అడిగాక ఇంకేముంది. కొట్టు ఆవిడదే."

రోపాటి పక్కకి వంగి, ఒకే కప్పు కింద రెండు దుకాణాలు కుదరవని, తన కంపెనీ అలా ఒప్పుకోదని గొణిగాడు. సానెలె అతని వంక కూడా చూడలేదు. అలాగైతే వేరే ఊరు చూసుకోండి అన్నాడు. అంటూ చేతిలోని మెరిసే కాగితాన్ని మడత మీద మడత పెట్టాడు, అది ఫేతూకి కనబడింది. రోపాటి కాగితాలు సర్దుకుని మధ్యాహ్నం ఓడకి వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు, వెళ్లేముందు కొట్టు దగ్గర ఆగి తన సొంత ఫోను ఒకటి తౌసికి చూపించి, సంకోచిస్తూ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సానెలె తప్ప మిగతా పదకొండుమంది పెద్దలూ కొట్టు ముందు వరస కట్టారు. ఫేతూ ఒక్కొక్కరి కొత్త ఫోనులో ఒక్కొక్క బొత్తాం నొక్కి, సా వేళ మోగకుండా చేసిచ్చింది. ఎలా నొక్కాలో వాళ్ల వేలితోనే నొక్కించి చూపింది. వరసలో చివరిగా వచ్చిన లెఫావా చొక్కా గుండీ విప్పి, కాలిన ఫోను తీసి తౌసి కింద పెట్టాడు. తౌసి ఒప్పుకుంది. గురువారం నాడు ఆయన కొట్టు గుమ్మంలో కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, తండ్రి చెబుతున్న పేర్లు మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా విన్నాడు. చివరి పేరు ఆయనదే. వినడం అయ్యాక కూడా ఎడం చెయ్యి ఒంటికి ఆనించుకునే ఇంటికెళ్లాడు. అలవాటైపోయింది.

సానెలె మాత్రం మూడు వారాలు ఆ రోడ్డున రాలేదు. బస్సు ఎక్కాల్సొస్తే ముందు ఊరి దాకా నడిచి అక్కడెక్కేవాడు. ఫేతూ కబురు పెట్టలేదు. రోజూ తలుపు తోస్తూ కొండవాలు వంక ఒకసారి చూసేది.

నాలుగో వారం శుక్రవారం అతను వచ్చాడు. చేతిలో కంపెనీ ఇచ్చిన కొత్త ఫోను, అద్దం సాలెగూడులా పగిలి ఉంది. బస్సులో దాని మీద కూర్చున్నాడట. సానెలె చిన్న మనిషి కాదు. ఆ సంగతి డ్రైవరు దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ పోయాడట. ఫోను బల్ల మీద పెట్టి సానెలె నిలబడ్డాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. సభలో అంత ధారాళంగా మాట్లాడే మనిషికి ఒక్క ముక్క రాలేదు.

తౌసి బుట్టలోంచి లేచింది. బల్ల మీది ఫోను వంక చూడనైనా చూడలేదు. నడిచి వచ్చి, సానెలె పెద్ద పెద్ద పాదాల మీద ఎక్కి, కష్టపడి రెక్కలు చాపి, కళ్లు మూసుకుంది.

సానెలె అక్క వంక చూశాడు.

"కదలకు," అంది ఫేతూ.

"ఎన్నాళ్లు?"

"మూడు రోజులు. నీకైతే నాలుగు పడుతుందేమో."

ఆమె తన మోడా పక్కనే ఇంకో మోడా అతని వెనక్కి జరిపింది. అతను మెల్లగా, కోడి కదలకుండా, దాని మీద కూర్చున్నాడు. రోడ్డుకి అవతల నుంచి ఐలినీ చూసి, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, రెండో చేతి వేళ్లు లెక్కపెట్టుకుంటూ దోమతెర కోసం వెళ్లింది. ఫేతూ పగిలిన ఫోనునీ, చిన్న స్క్రూడ్రైవరునీ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఊరికే కూర్చోకు," అంది. "దానికి సోమరితనం గిట్టదు."